గింజలు ఎందుకు ఉడకడం లేదంటే

మన ఊరు,
పునీత దిమిత్రి పండుగ వెళ్ళిన మూడో రోజు.

చిరంజీవి తమ్ముడు రాదివోయ్‌కు,

పెద్దక్క పెర్సిదా ఆశీస్సులు. దేవుడు చల్లగా చూడబట్టి నేను బాగానే ఉన్నాను. పక్కింటి రోజాలియా బాగుంది, ఆమె కోళ్ళూ బాగున్నాయి. వియన్నాలో నువ్వూ, మరదలు నాదా, అమ్మాయీ అల్లుడూ కులాసా అని నీ ఉత్తరంలో చూసి పటం ముందు దీపం సవరించి దండం పెట్టుకున్నాను. తియానాకు ఐదో నెల అని రాశావు. ఆ వాక్యం ఒక్కటీ రోజాలియాకు చదివి వినిపించాను. మళ్ళీ చదవమంది. చదివాను.

ముందుగా ఒక మాట చెప్పాలి. ఈసారి నీకు పంపే మన ఊరి నీళ్ళ క్యాన్లు నన్ను మోయవద్దన్నావు. వియన్నా బస్సు డ్రైవరు సావాయే చౌరస్తాలోని నాన్న బావి దగ్గర స్వయంగా నింపుకుని వస్తాడనీ, ఇకమీదట తియానా బిడ్డను కనేదాకా ఆ నీళ్ళే తాగుతుందనీ రాశావు. సావా నిన్న వచ్చాడు. నేను నింపనివ్వలేదు. ఖాళీ క్యాన్లతో పాటు ఈ ఉత్తరం పంపుతున్నాను. కోపం తెచ్చుకోకుండా చివరిదాకా చదువు. కారణం చెబుతాను. కానీ నన్ను వరసగా చెప్పనివ్వు.

పండుగ బాగా జరిగింది. ముందురోజు ఫాదర్ స్తేవాన్ వచ్చి ఇంట్లో నీళ్ళు ఆశీర్వదించి, తులసి రెమ్మతో గదులన్నిటా చల్లారు. ఆ నీళ్ళతోనే పిండి కలిపి పండుగ రొట్టె చేశాను. పైన శిలువ కొంచెం వంకరగా వచ్చింది. మీ బావ ఉంటే కత్తి తీసుకుని సరిచేసేవాడు. గోధుమలు ఉడికించి, వాల్‌నట్ పొడి వేసి, అమ్మ చేసినట్టే పెట్టాను. వచ్చినవాళ్ళంతా నిన్ను అడిగారు. వచ్చే ఏడు మనవరాలితోనో మనవడితోనో వస్తాడని చెప్పాను.

నీ ప్రశ్నలకు జవాబులు. ఇంటి కప్పు మీద పెంకులు మార్పించాను. రేగు పళ్ళు ఈ ఏడు తక్కువ. వాకిట్లో బల్ల ఇంకా ఉంది, ఒక కాలు కుంటుతుంది. బావి అరుగు సిమెంటులో నాన్న బొటనవేలు గుర్తు ఇంకా ఉందా అని అడిగావు. ఉంది. వర్షం పడితే అందులో నీళ్ళు నిలుస్తాయి. పిచ్చుకలు తాగుతాయి.

ఇక గింజల సంగతి. నాద మన నీళ్ళలో ఎంతసేపు కాచినా నేను పంపిన చిక్కుడు గింజలు ఉడకడం లేదు, సంతలో ఎవరైనా నీకు పాత గింజలు అంటగట్టారా అని అడిగావు. దానికి జవాబు ఉంది. అది చివర చెబుతాను.

"అక్కా, ఈ మధ్య మన నీళ్ళలో ఏదో పూల వాసన వస్తోంది, చిన్నప్పుడు ఉన్నట్టే" అని రాశావు. ఆ క్యాను మూత తీయగానే చలికాలాలన్నీ కళ్ళ ముందుకు వచ్చాయన్నావు. నాకు క్యాన్లు అక్కరలేదు, నేను ఇక్కడే ఉన్నాను. అయినా నీ ఉత్తరం చదివాక నేనూ అవన్నీ చూశాను. మంచులో చెక్కబండి లాక్కుంటూ మనిద్దరం బావికి వెళ్ళడం. గొట్టం చుట్టూ నేల గాజులా గడ్డకట్టి ఉండడం. నువ్వు అక్కడ పడని రోజు లేదు. ఒకసారి నిండు బిందె నా పావడా మీద ఒలికించావు. ఇంటికి చేరేసరికి ఆ పావడా గడ్డకట్టి, రేకులా చప్పుడు చేస్తూ నడిచాను. అమ్మ నన్ను పొయ్యి దగ్గర నిలబెట్టి, కరిగేదాకా కదలొద్దంది. నువ్వు ఎదురుగా కూర్చుని నవ్వుతూనే ఉన్నావు.

పట్నం చుట్టాలు వచ్చినప్పుడు గుర్తుందా? గ్లాసులో పసుపు రంగు నీళ్ళు చూసి, టీ ఎవరు పెట్టారని అడిగేవాళ్ళు. "మా ఊళ్ళో టీ భూమిలోంచే వస్తుంది" అనేవాడు నాన్న. ప్రతిసారీ అదే మాట. ప్రతిసారీ తనే ముందు నవ్వేవాడు.

ఆ బావి తవ్విన రోజులు నువ్వు చూడలేదు. నేనూ చూడలేదు, కానీ నానమ్మ చెప్పగా విన్నాను. అంతకు ముందు పెరటి బావులే. ప్రతి వేసవీ జ్వరాలు. మన మేనత్తలిద్దరూ నడక రాకముందే ఆ జ్వరాలతో పోయారు. అందుకే లోతుగా బోరు వేసేవాళ్ళు ఊళ్ళోకి రాగానే నాన్న వెళ్ళి వాళ్ళతో చేరాడు. వారాల తరబడి బురదే వచ్చిందట. తర్వాత ఒకరోజు ఎవరూ తోడకుండానే నీళ్ళు పైకి లేచాయి. నాన్న టోపీ తీసి గొట్టం కింద పట్టి తాగాడు. ఆ నీళ్ళు ముందు తాగింది నాన్నే. ఆ తర్వాత ఊళ్ళో ఆ జ్వరంతో ఒక్క బిడ్డా పోలేదు. ఇది నిజం, రాదివోయ్. ఇకమీద నేను రాసేది ఏదీ దీన్ని అబద్ధం చేయదు. అది గుర్తుంచుకుని చదువు.

బావి నీళ్ళలో పాషాణం ఉందని రెండేళ్ళ కిందట పరీక్షల్లో తేలినప్పుడు నీకు రాశాను. వాళ్ళు దాన్ని ఆర్సెనిక్ అంటారు. ఎవరూ కలిపింది కాదు. మన నేల లోపలి పొరల్లోనే ఉంది, నీళ్ళు దాన్ని వెంట తెచ్చుకుంటాయి. రంగు ఉండదు, రుచి ఉండదు. మన నీళ్ళ పసుపుకూ దానికీ సంబంధం లేదు. నువ్వు తిరిగి రాసింది రెండే వాక్యాలు. సీసా నీళ్ళు అమ్ముకునేవాళ్ళు పుట్టించిన పుకారన్నావు. నాన్న బావి మీద నింద నమ్మితే నాకు ఉత్తరాలు రాయవద్దన్నావు. ఆ ఏడు ఈస్టరు దాకా నీ దగ్గర నుంచి ఏమీ రాలేదు. తర్వాత నేను ఆ మాట ఎత్తలేదు. నువ్వూ ఎత్తలేదు. నిజం చెప్పాలంటే నాకూ సగమే నమ్మకం.

ఊళ్ళోకి ట్యాంకరు రావడం మొదలైంది. అందరం ఆ నీళ్ళే తాగాం. నీ క్యాన్లు మాత్రం నువ్వు కోరినట్టే బావి దగ్గర నింపి పంపుతూ వచ్చాను. పోయిన ఏడు నోవీ సాద్ పట్నం నుంచి డాక్టర్ దూన్యా తన మనుషులతో వచ్చింది. నీళ్ళు మార్చాక మన ఒంట్లో పాషాణం ఎంత తగ్గిందో కొలవాలట. ఇంటింటికీ చిన్న సీసాలిచ్చి పొద్దుటి మూత్రం పట్టి ఇమ్మన్నారు. కాలి గోళ్ళు కత్తిరించి కవర్లలో వేశారు. రోజాలియా కాలు చాపి కూర్చుని, "పుట్టి బుద్ధెరిగాక నేను నోవీ సాద్ చూడలేదు, నా గోళ్ళు చూసొస్తున్నాయి" అంది. డాక్టరమ్మ పడీ పడీ నవ్వింది. మనిషి చిన్నది, తియానా కంటే కొంచెం పెద్దది. నన్ను పిన్నిగారూ అని పిలుస్తుంది.

కొలిస్తే కొందరికి తగ్గింది. కొందరికి అసలు తగ్గలేదు. తగ్గనివాళ్ళలో నేనొకదాన్ని. బావి నీళ్ళు తాగుతున్నారా అని మళ్ళీ అడిగారు. లేదన్నాం. దేవుడి సాక్షిగా లేదన్నాం. డాక్టరమ్మ నమ్మినట్టే తల ఊపింది, కానీ ఆమె వెంట వచ్చిన అబ్బాయి మొహం చూస్తే మేం అబద్ధం ఆడుతున్నామనే అనుకున్నాడు. నాకు కష్టం కలిగింది.

ఒక శుక్రవారం ఆమె ఒక్కతే వచ్చింది. భోజనం వేళ. ఉపవాసం రోజు, మాంసమూ పాలూ లేవు, గింజలే ఉన్నాయి, తింటావా అమ్మా అన్నాను. తింటానంది. పళ్ళెంలో పెట్టాను. నూనె లేకుండా, ఉల్లిపాయా బిర్యానీ ఆకూ వేసి ఉడికించిన గింజలు, అమ్మ పద్ధతి. ఆమె చెంచా ముంచి, పులుసు రంగు చూసి ఆగింది.

"పిన్నిగారూ, ఇవి ఏ నీళ్ళతో ఉడికించారు?"

"బావి నీళ్ళతో. ట్యాంకరు నీళ్ళలో గింజ రాయిలా ఉండిపోతుందమ్మా. ఇక్కడ ఎవరినైనా అడుగు."

"బావి నీళ్ళు మానేశామన్నారు కదా?"

"తాగడానికి మానేశాం. ఇది మరగబెట్టినదే కదా, మరిగితే ఏముంటుంది?"

ఆమె చెంచా కింద పెట్టింది. తర్వాత మెల్లగా చెప్పింది. "మరిగితే క్రిములు చస్తాయి పిన్నిగారూ. ఇది క్రిమి కాదు. నీళ్ళు ఆవిరైపోతాయి, ఇది గిన్నెలోనే ఉంటుంది. గింజ దాన్ని నీళ్ళతో పాటు పీల్చుకుంటుంది."

నేను పళ్ళెం తీసేయబోయాను. చెయ్యి అడ్డం పెట్టి, అంతా తిని లేచింది. "ఒక్క పళ్ళేనికి నాకేం కాదు. మీరు పుట్టినప్పటినుంచీ తింటున్నారు" అంది.

ఆ తర్వాత ఈస్టరు ముందు పెద్ద ఉపవాసం రోజుల్లో వాళ్ళు ఇంటింటి వంటింట్లోకీ వచ్చారు. గింజల పులుసు ఒక గరిటెడు, కాఫీ నీళ్ళు ఒక గరిటెడు పట్టుకెళ్ళారు. ఈస్టరు తర్వాత చర్చి పక్క గదిలో అందరినీ కూర్చోబెట్టి చెప్పారు. పేర్లు చెప్పలేదు. కానీ ఎవరు ఎక్కువ ఉపవాసం ఉంటారో వాళ్ళ ఒంట్లోనే ఎక్కువ ఉందన్నారు. బుధవారం, శుక్రవారం, పండుగల ముందు వారాలు, అన్నీ గింజలే కదా. ఏ నియమమూ పాటించనివాళ్ళకు తగ్గింది. మాకు తగ్గలేదు.

వెనక బెంచీలో ఎవరో ఏడవడం వినిపించింది. నాకు ఏడుపు రాలేదు. ఇంటికి వచ్చి గింజల కుండ కడిగి బోర్లించాను.

రోజాలియా క్యాథలిక్కు కదా, మన ఆర్థడాక్స్ ఉపవాసాలు ఆమెకు లేవు. మర్నాడు కంచె మీదుగా తొంగి చూసింది. "చూశావా పెర్సా, నా పంది కొవ్వును ఇన్నేళ్ళు తిట్టావు. నన్ను కాపాడింది అదే" అంది. నిన్ను కాపాడింది పంది కాదు, నీ బద్ధకం, గింజలు నానబెట్టడం కూడా నీకు బరువే అన్నాను. నవ్వింది. నవ్వి, లోపలికి వెళ్ళి, ఒక గిన్నెడు కోడి సూపు తెచ్చి కంచె మీద పెట్టింది. ట్యాంకరు నీళ్ళతోనే పెట్టానని రెండుసార్లు చెప్పింది.

ఆదివారం ఫాదర్ స్తేవాన్ ప్రార్థన అయ్యాక ఈ సంగతి ఎత్తారు. దేవుడు గింజలు తినమనలేదు, ఆశ తగ్గించుకోమన్నాడని చెప్పారు. "ఇకనుంచి ట్యాంకరు నీళ్ళతో వండండి. గింజ గట్టిగా ఉంటే నమలండి. అది కూడా ఉపవాసంలో భాగమే అనుకోండి" అన్నారు. ముసలివాళ్ళు కూడా నవ్వారు. చాలా రోజుల తర్వాత చర్చిలో నవ్వు విన్నాను.

ఇప్పుడు నీ ప్రశ్నకు జవాబు. గింజలు పాతవి కావు, రాదివోయ్. మన పెరటివే, ఈ ఏడువే. నీళ్ళు మనవి కావు.

ఈస్టరు తర్వాత నీకు పంపిన క్యాన్లన్నీ ట్యాంకరు నీళ్ళే. నువ్వు తెల్లటి నీళ్ళు చూస్తే పట్టేస్తావని, లిండెన్ పూలు, మనం జలుబుకు కాచుకునేవి, ఒక గుప్పెడు గుడ్డలో కట్టి నానబెట్టి రంగు తెప్పించాను. మొదటిసారి మరీ ముదురు రంగు వచ్చింది, పారబోసి మళ్ళీ చేశాను. నీకు వచ్చిన పూల వాసన అదే. నువ్వు ఆ నీళ్ళు తాగి నాన్నను తలచుకున్నానని రాసినప్పుడల్లా, ఉత్తరం మడిచి పటం వెనక పెట్టి, పటం వైపు చూడకుండా పని చేసుకునేదాన్ని.

నీతో చెబితే మళ్ళీ ఉత్తరాలు ఆపేస్తావని భయపడ్డాను. మనకు అమ్మ లేదు, నాన్న లేడు. నాకు ఉన్నవి నీ ఉత్తరాలు. చెప్పకపోతే నీ ఒంట్లోకి అది పోతుంది. రెండూ తప్పించుకోవడానికి ఈ దారి దొరికింది. ఎవరికీ నష్టం లేదనుకున్నాను. తియానా సంగతి తెలిసి, సావాయే నింపుతాడని నువ్వు రాసేసరికి ఆ దారి మూసుకుపోయింది.

పండుగకు ముందు పాపాలు ఒప్పుకునే పాపసంకీర్తనానికి వెళ్ళి ఫాదర్‌కు ఇదంతా చెప్పాను. లిండెన్ పూల దగ్గరికి వచ్చేసరికి ఫాదర్ దగ్గారు. అది దగ్గు కాదని నాకు తెలుసు. కాసేపయ్యాక, "అమ్మా పెర్సిదా, దేవుడు క్షమిస్తాడు. ఆయనకు ముందే తెలుసు. తెలియనిది మీ తమ్ముడికి. అతనికి చెప్పు" అన్నారు.

నిన్న సావా వచ్చి క్యాన్లు దింపాడు. నేను వెళ్ళి బావి గొట్టానికి అడ్డంగా నిలబడ్డాను.

"జరుగక్కా. ఖాళీగా వెళ్తే మీ తమ్ముడు నన్ను నా బస్సులోంచే దింపేస్తాడు."

"జరగను."

"నీళ్ళేగా అక్కా."

"కడుపుతో ఉన్న పిల్లకు, సావా. వద్దు."

అతను నా మొహం చూశాడు. క్యాను బోర్లించి దాని మీద కూర్చుని సిగరెట్టు వెలిగించాడు. సగం కాల్చాక, తనూ దారిలో సీసా నింపుకుంటూ ఉంటానని చెప్పాడు. ఇక వద్దన్నాను. పిచ్చి ఊరు, పిచ్చి నీళ్ళు అని తిట్టుకుంటూ క్యాన్లు ఎత్తి లోపల పెట్టుకున్నాడు. వియన్నాకు బయల్దేరే ముందు ఈ ఉత్తరం తీసుకెళ్తానన్నాడు. అతన్ని ఏమీ అనకు.

ఇంకొక సంగతి. కొన్నేళ్ళుగా నా అరచేతుల్లో చిన్న చిన్న కాయలు ఉన్నాయి. పార పట్టడం వల్ల అనుకున్నాను. డాక్టర్ దూన్యా చూసి, పార వల్ల కాదంది. ఒక చిన్న ముక్క కోసి పరీక్షకు పంపారు. చెడ్డదేమీ లేదు, కానీ ఆరు నెలలకోసారి చూపించుకోవాలి. భయపడకు, నేను భయపడడం లేదు. నీ చేతులు నువ్వు ఒకసారి వెలుగులో చూసుకో. నువ్వు ఇరవయ్యేళ్ళు ఇక్కడ తాగావు, తర్వాత క్యాన్లలో తాగావు. డాక్టరమ్మ జర్మన్‌లో నాలుగు వాక్యాలు రాసిచ్చింది, ఈ కవరులోనే పెట్టాను. మీ డాక్టరుకు చూపించు. నాదనూ తీసుకెళ్ళు.

తియానాకు అక్కడి కుళాయి నీళ్ళు చాలు. కొండల మీద నుంచి వస్తాయని నువ్వే ఒకప్పుడు రాశావు. అవీ దేవుడిచ్చినవే. నాదకు చెప్పు, గింజలు నానబెట్టేటప్పుడు చిటికెడు వంట సోడా వేస్తే మెత్తగా ఉడుకుతాయి. మన నీళ్ళలో పుట్టుకతోనే సోడా ఉండేదట, అందుకే అమ్మ గింజలు వెన్నలా ఉండేవి. నేను ఇప్పుడు అలాగే వండుతున్నాను. పూర్తిగా ఆ రుచి రాదు. దగ్గరగా వస్తుంది.

నాన్న సంగతి చాలాసార్లు ఆలోచించాను. ఆయనకు కనిపించిన చావు ఒకటి ఉంది, దాన్ని ఆపాడు. కనిపించనిది ఆయన తప్పు కాదు. ఈ కబురు నాన్న విని ఉంటే కోపగించుకునేవాడు కాదు, నువ్వు కోపగించుకున్నట్టు. టోపీ తీసి, మరి ఇంకెక్కడ తవ్వుదాం అని అడిగేవాడు. నేనలా అనుకుంటున్నాను. నీకు వేరేలా అనిపిస్తే రాయి. తిట్టయినా రాయి. ఉత్తరం మాత్రం ఆపకు.

బావిని మూయలేదు. తాగరాదని మన భాషలోనూ హంగేరియన్‌లోనూ బోర్డు పెట్టారు. బట్టలకూ మొక్కలకూ వాడుకుంటున్నాం. స్నానానికి వాడొచ్చా అని డాక్టరమ్మను అడిగాను. వాడొచ్చంది. పసిబిడ్డకా అని మళ్ళీ అడిగాను. నోట్లోకి పోకుండా చూసుకుంటే చాలంది. నమ్మకం చాలక ఆమె బండి ఎక్కుతుంటే ఇంకోసారి అడిగాను. విసుక్కోకుండా మళ్ళీ అదే చెప్పింది.

అందుకని, వేసవిలో బిడ్డను తీసుకురండి. పొద్దున్నే ముత్తాతగారి బావి నీళ్ళు తెచ్చి తొట్టిలో ఎండకు పెడతాను. మధ్యాహ్నానికి గోరువెచ్చగా అవుతాయి. కాళ్ళ మీద పడుకోబెట్టుకుని నేనే పోస్తాను. బిడ్డ నోటికి చెయ్యి అడ్డం పెట్టే పని నీది.

ఇట్లు,
నీ జవాబు కోసం బస్సు వచ్చే రోజులు చూస్తూ ఉండే,
మీ పెద్దక్క
పెర్సిదా